విమానం తోకలో మనిషి

పోయిన వారం మా వార్డు చివర రోగులు కూర్చునే గదిలో టీవీ మోగుతోంది. మందుల ట్రే పట్టుకుని లోపలికి వెళ్లాను. ఏదో పాత బ్రిటిష్ యుద్ధ సినిమా, నలుపు తెలుపు. బాంబులు వేసి వచ్చే పెద్ద విమానం ఒకటి సముద్రం మీదుగా ఇంటిదారి పట్టింది. మోకాలి ఆపరేషన్ అయిన ఒక ముసలాయన తెర వైపు వేలు చూపించి, "ఈ కుర్రాణ్ణి చూడు నర్స్, ఇప్పుడొక మాట అంటాడు. ఎన్నిసార్లు విన్నా ఒళ్లు జలదరిస్తుంది నాకు" అన్నారు.

విమానం తోకలో, గాజు బుడగ లాంటి దాంట్లో తుపాకుల వెనక ఇరుక్కుని కూర్చున్న కుర్రాడు చలికి వణుకుతూ అన్నాడు: "వెనక ఏమీ లేదు కెప్టెన్, చీకటి తప్ప."

ముసలాయన తృప్తిగా కుర్చీలో వెనక్కి ఆనుకున్నారు. "ఏం గొంతు" అన్నారు.

ఆ గొంతు ఆ కుర్రాడిది కాదని చెప్పబోయి ఊరుకున్నాను. మాత్ర చేతిలో పెట్టి, నీళ్లందించి బయటికి వచ్చేశాను. తెర మీది ఆ కుర్రాడు మరికాసేపట్లో చచ్చిపోతాడు. ఆ వేషం వేసిన అసలు మనిషి మాత్రం బతికి, ముసలివాడై, జెర్సీ సిటీలో మా కింది వాటాలో ఏళ్ల తరబడి కాపురమున్నారు. కిందటేడు ఒక మధ్యాహ్నం కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే ప్రశాంతంగా వెళ్లిపోయారు. ఆయన గొంతేదో తెలిసిన కొద్దిమందిలో నేనొకదాన్ని కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను నర్సు ఉద్యోగం మీద ఈ దేశం వచ్చేనాటికి డెబ్బైలు ముగుస్తున్నాయి. మా గుంటూరు వైపు మిషన్ ఆసుపత్రిలో రోగి దగ్గర్నుంచి పెద్ద డాక్టరు దాకా అందరూ మమ్మల్ని "సిస్టర్" అనే పిలిచేవారు. ఇక్కడ నర్స్ అంటారు, మిస్ అంటారు, ఒక్కోసారి హనీ అంటారు. ఆ పాత పిలుపు పోయినందుకు నాలో ఏదో వెలితిగా ఉండేది. అద్దె ఇంటికి సామాను చేరేస్తున్న రోజున కింది వాటా తలుపు తీసుకుని ఒక పొడుగాటి తెల్లాయన బయటికొచ్చారు. తెల్ల యూనిఫాం వేసుకున్న నన్ను చూసి, "గుడ్ మార్నింగ్, సిస్టర్" అని కాస్త తల వంచారు. ఇంగ్లండులోనూ నర్సుని సిస్టర్ అంటారని తర్వాత తెలిసింది. ఆ క్షణాన మాత్రం మా ఊరివాళ్లెవరో మెట్లమీద ఎదురైనట్టు అనిపించి వెనక్కి తిరిగి చూసుకున్నాను. మా ఆయన ఆ రోజు నుంచీ ఇంట్లో ఆయన్ని "దొరగారు" అనేవారు. నేను "సార్" అనేదాన్ని.

ఆసుపత్రిలో నా ఇంగ్లిషుతో పెద్ద చిక్కే వచ్చింది. ఒక రోజు ఫోన్‌లో డాక్టరుకి, రోగికి సూది పెట్టడానికి "వెయిన్", అంటే నరం, దొరకడం లేదు, మీరు రావాలి అని చెప్పాను. ఇక్కడ "వేన్" అని మగవాళ్లకి పేరు ఉంటుంది. ఇంగ్లిషులో ఆ రెండు మాటల మొదటి అక్షరాలు వేరు. మనకి రెండింటికీ ఉన్నది ఒక్కటే వ. వేన్ అనే రోగి ఎవరో వార్డులోంచి తప్పిపోయాడని డాక్టరు అనుకున్నాడు. సెక్యూరిటీ గార్డులు వచ్చి బాత్‌రూములన్నీ వెతికారు. అందరూ నవ్వారు కానీ మా సూపర్‌వైజర్ నవ్వలేదు. "ఫోన్‌లో నీ మాట అర్థం కాకపోతే ప్రాణాల మీదికి వస్తుంది. నువ్వు మారకపోతే నిన్నిక్కడ ఉంచలేను" అంది. నా వీసా ఆ ఉద్యోగాన్నే పట్టుకుని ఉంది.

పెద్దవాళ్లకి సాయంత్రాలు ఇంగ్లిషు ఉచ్చారణ నేర్పే క్లాసు ఒకటి దగ్గర్లోనే ఉందని ఎవరో చెబితే వెళ్లాను. పోలండు వాళ్లు, క్యూబా వాళ్లు, ఫిలిప్పీన్స్ నర్సులు బెంచీల మీద కూర్చుని ఉన్నారు. బోర్డు దగ్గర చాక్‌పీస్ పట్టుకుని మా కింది వాటా దొరగారు.

ఆయన ఇంగ్లిషు గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉండేది. ఎక్కడా ముడత కనిపించదు. అలా మాట్లాడే మనిషి నా వంక చూసి, "పై పళ్లు కింది పెదవి మీద ఆనించు సిస్టర్. సిగ్గుపడకు. కొరుకు" అన్నారు. అక్కడితో వదల్లేదు. పొద్దున్నే డ్యూటీకి మెట్లు దిగుతుంటే తలుపు కొంచెం తెరుచుకునేది. "వెయిన్?" అని వినిపించేది. నేను పెదవి కొరికి "వెయిన్" అంటే, "వెళ్లిరా" అని తలుపు మూసేవారు.

"పొద్దున్నే ఆ దొరగారు నిన్ను పెదవి కొరుక్కోమనడమేంటే" అని మా ఆయన విసుక్కునేవారు. "ఎవరన్నా వింటే ఏమనుకుంటారు?"

"ఉద్యోగం నిలబడుతుందనుకుంటారు" అన్నాను.

ఆ చలికాలం గడిచేసరికి నిలబడింది కూడా. ఒక రోజు వార్డులో ఒక రోగి గుండె ఆగిపోయింది. ఫోన్ నా పక్కనే ఉంది. చెప్పవలసిందంతా గడగడా చెప్పేశాను. అవతలివాళ్లు ఒక్క మాట కూడా మళ్లీ అడగలేదు. రోగి బతికాడు. సూపర్‌వైజర్ నా భుజం మీద చెయ్యి వేసి, తన పని మీద వెళ్లిపోయింది. ఇంటికొచ్చి సార్‌కి చెబితే, "అయితే రేపట్నుంచి నా తలుపు ఆలస్యంగా తీయొచ్చన్నమాట" అన్నారు. ఆయన సంతోషం ఆ మాత్రంగానే బయటికి వచ్చేది.

ఆయనకి కొన్ని చాదస్తాలుండేవి. రైల్లో ఎప్పుడూ వెనక్కి తిరిగి ఉన్న సీట్లోనే కూర్చునేవారు. ఎందుకని అడిగితే, "అలవాటు. ఆ సినిమా కోసం వారాల తరబడి చెక్కతో కట్టిన విమానం తోకలో వెనక్కి తిరిగి కూర్చున్నాను. ఎటు పోతున్నామో చూసే పని వేరేవాళ్లది" అన్నారు. సినిమాల్లో వేశారని మాకు అలాగే తెలిసింది. నేను పాలు పోసి మరిగించే టీని నేరం అనేవారు, రెండో కప్పుకి చెయ్యి చాపుతూ.

ఆదివారం సాయంత్రాలు మా ఇంటికి టీవీ చూడ్డానికి వచ్చేవారు. ఒక ఛానల్లో ఇంగ్లండు సీరియళ్లు వేసేవారు. దానికోసం తల దువ్వుకుని, టై కట్టుకుని పైకి వచ్చేవారు. కథతో ఆయనకి పనిలేదు. ఆ సినిమా విమానంలో ఆయనతో పాటు వేసినవాళ్లు ఎవరైనా కనిపిస్తారేమోనని చూసేవారు. ఎవరి పేర్లూ చెప్పేవారు కాదు. పైలట్, ఇంజనీరు, దారి చూసే నావిగేటర్, బాంబులు వేసేవాడు, విమానం నెత్తిన తుపాకీ పట్టే పై గన్నర్. అంతే.

"అడుగో మా నావిగేటర్" అని చెంచాతో తెర మీద తట్టేవారు. బోడితల ముసలాయన ఒకరు పడకకుర్చీలో కూర్చుని ఎవరినో కోప్పడుతుంటారు. "డ్యూక్ అయ్యాడు చూశావా. స్టేషన్ నుంచి స్టూడియోకి దారి తెలియక రోజూ తప్పిపోయేవాడు." తర్వాత వెనక్కి వాలి, "దిగాడు" అనేవారు. యుద్ధంలో విమానాలు తిరిగొచ్చేటప్పుడు కింద నిలబడ్డవాళ్లు ఒక్కొక్కటీ చూసుకుని అలా అనుకునేవారట. మనిషి బతికే ఉన్నాడు, పని దొరుకుతోంది, ఇక బెంగలేదు అని దాని అర్థం.

బాంబులు వేసేవాడు జడ్జిగా కనిపించాడు. దిగాడు. ఇంజనీరు పోలీసు ఇన్‌స్పెక్టర్. దిగాడు. పైలట్ ఒక ఇంట్లో బట్లర్ అయి ట్రే మోస్తున్నాడు. "విమానం కన్నా అదే బాగా నడుపుతున్నాడు" అన్నారు. పై గన్నర్ ఒక హత్య కథలో కార్పెట్ మీద శవంగా పడి ఉన్నాడు. సార్ ముక్కు తెరకి ఆనేంతగా ముందుకి వంగి చూశారు. "ఊపిరి తీస్తున్నాడు. పొట్ట చూడు, కదులుతోంది" అని నిశ్చింతగా కూర్చున్నారు. "దిగాడు."

మా అమ్మాయికి అప్పుడు అయిదేళ్లు. ఇక్కడే పుట్టింది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ సినిమా వస్తే ముగ్గురం చూశాం. సార్ మాత్రం పైకి రాలేదు. ఆ సినిమా ఆయన ఎప్పుడూ చూడరు. తోకలో కుర్రాడు చనిపోగానే అమ్మాయి గబగబా కిందికి వెళ్లి, ఆయన తలుపు కొట్టి చూసి, మళ్లీ పైకి వచ్చింది.

"అమ్మా, అంకుల్ టీవీలో డై అయిపోయింది. కింద టోస్ట్ తింటోంది" అంది.

తర్వాతి వారం అదే పిల్ల ఆయన పక్కన కూర్చుని వేళ్లు ముడుస్తూ విమానంలోని వాళ్లందరినీ వరసగా చెప్పి, "ఇంకొక అంకుల్ ఉంది కదా? హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న అంకుల్. ఆ అంకుల్ దిగిందా?" అని అడిగింది.

"వైర్‌లెస్ వాడు. అతని సంగతి నాకు తెలియదు" అన్నారు సార్. టీ సగంలోనే వదిలేసి కిందికి వెళ్లిపోయారు.

ఆ వైర్‌లెస్ ఆయన చాలాకాలానికి ఒక ఆదివారం తెర మీదికి వచ్చారు. పల్లెటూరి చర్చిలో ముసలి పాస్టరు వేషం. రెండు వాక్యాలు ప్రసంగం చెప్పారు. నిండుగా, గంట కొట్టినట్టున్న గొంతు. ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను. సార్ చెంచా ఎత్తలేదు. దిగాడు అనలేదు. ముఖంలో నెత్తురు లేదు. ఎక్కడైనా నొప్పిగా ఉందా అని నాడి పట్టుకోబోయాను.

"నొప్పి కాదు సిస్టర్. టీవీ ఆపు" అన్నారు. అప్పుడు చెప్పారు.

ఆయనది ఇంగ్లండు ఉత్తరాన బట్టల మిల్లుల ఊరు. తల్లి మిల్లులో పనిచేసేది. లండన్ వచ్చాక ఊరి యాస దాచుకుని మాట్లాడ్డం నేర్చుకున్నారు కానీ, సినిమాలో చావబోయే కుర్రాడి మాట చెప్పేటప్పుడు దాచలేకపోయారట. ఊరి యాసలోనే వచ్చింది. అదే సరైనదని కూడా ఆయనకి అనిపించిందట. సినిమా మొదటి ఆట రోజు కొత్త సూటు వేసుకుని, తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని చూస్తున్నారు. తెర మీద తన నోరు కదిలింది. బయటికి వచ్చిన గొంతు వైర్‌లెస్ వేషం వేసిన స్నేహితుడిది. ఇద్దరూ ఒకే గదిలో అద్దెకుండేవారు. ఒకే రొట్టె పంచుకున్నవారు.

"మా అమ్మ నా వైపు తిరిగి, ఇదెవరురా అంది" అన్నారు సార్. "లేచి బయటికి వెళ్లిపోయాను. గది ఖాళీ చేశాను. ఓడెక్కి ఈ దేశం వచ్చాను. వాడితో మళ్లీ మాట్లాడలేదు."

నాకు తోచింది అనేశాను. "మా సినిమాల్లో సగం మంది హీరోయిన్లకి వేరేవాళ్లే గొంతు ఇస్తారు సార్. దాన్ని డబ్బింగ్ అంటాం. ముఖం ఒకరిది, మాట ఒకరిది. ఎవరూ తప్పనుకోరు."

ఆయన నన్ను వింతగా చూశారు. "తప్పనుకోరా?"

"లేదు సార్."

"ముఖం ఉన్నావిడా గొంతు ఉన్నావిడా మాట్లాడుకుంటారా?"

"ఎందుకు మాట్లాడుకోరు? కలిసి భోజనాలు కూడా చేస్తారట."

ఆయన కప్పు బల్ల మీద పెట్టారు. తర్వాత "ఆశ్చర్యమైన దేశం" అని లేచి వెళ్లారు.

ఆ వసంతంలోనే పేపర్లో ఒక ప్రకటన, అందులో ఆ పాస్టరు ముఖం చూశాను. ఆ వైర్‌లెస్ ఆయన ఉన్న నాటకం ఇంగ్లండు నుంచి మాన్‌హాటన్ వస్తోంది. శనివారం మధ్యాహ్నం ఆటకి టికెట్లు కొన్నాను. మా ఆయన తల పట్టుకున్నారు. "వాళ్లిద్దరి మధ్య ఎన్నో ఏళ్ల పగ. మధ్యలో నువ్వెందుకు ఇన్వాల్వ్ అవడం? ఆయన హర్ట్ అయితే?"

"రానంటే మీరే వద్దురుగాని" అన్నాను.

సార్ రానన్నారు. శనివారం పొద్దున మాత్రం టై కట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. రైల్లో నాకెదురుగా, వెనక్కి తిరిగిన సీట్లో కూర్చున్నారు. నాటకంలో స్నేహితుడిది చిన్న పాత్ర. ఆయన నోరు విప్పినప్పుడల్లా సార్ చెయ్యి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది. తెర పడ్డాక, "వాడి గొంతు ఇంకా చెడలేదు. ఇక ఇంటికి పోదాం" అన్నారు.

"ఒక్క నిమిషం నిలబడండి సార్" అని ఆయన్ని పక్క సందులో మెట్ల దగ్గర ఉంచి, నటులు బయటికి వచ్చే తలుపు దగ్గరికి వెళ్లాను. కాపలా మనిషికి వైర్‌లెస్ ఆయన పేరు చెప్పి, "వెనక గన్నర్ వచ్చారని లోపల చెప్పండి. అంతే చాలు" అన్నాను. ఆయన రాకపోతే? వచ్చి తలుపేసుకుంటే? ఈ పెద్దాయన్ని ఇంత దూరం లాక్కొచ్చి మళ్లీ అదే దెబ్బ తినిపించినదాన్నవుతాను.

తలుపు తెరుచుకుంది. సగం ముఖానికి రంగు తుడిచేసుకుని, సగం అలాగే ఉంచుకుని, చెప్పుల్లేకుండా వైర్‌లెస్ ఆయన పరుగులాంటి నడకతో వచ్చారు. మెట్ల కింద ఉన్న మనిషిని చూసి ఆగిపోయారు.

"నీ నోటికాడి కూడు లాగేశాననుకున్నావు కదరా ఇన్నాళ్లూ" అన్నారు. అదే మొదటి మాట.

"లాగావు" అన్నారు సార్.

"వాళ్లు నిన్ను మొత్తం తీసేయబోయారు, తెలుసా? నీ యాస లండన్‌లో ఎవరికీ అర్థం కాదన్నారు. ఇంకో కుర్రాణ్ణి పిలిపించారు. నీ జాకెట్టు వాడికి తొడిగి చూశారు కూడా. నేను కాళ్లావేళ్లా పడ్డాను. ముఖం వాడిదే ఉంచండి, మాట నేను చెబుతానన్నాను."

సార్ ఒక మెట్టు పైకి వచ్చారు.

"చెబుదామని వస్తే నువ్వు గది ఖాళీ చేశావు. మీ ఊరు వెళ్లాను. మీ అమ్మ కడుపునిండా తిండి పెట్టి, వాడు అమెరికా పోయాడు, నువ్వు మాత్రం మళ్లీ రా అంది. ఆవిడ పోయేవరకూ ఏటా వెళ్లి చూసొచ్చాను. నా ఊసెత్తితే నువ్వు ఉత్తరాలు మానేస్తావని నీకు చెప్పలేదట."

"మా అమ్మనా?"

"మీ అమ్మనే. నీ మాటే బాగుండేదని చివరిదాకా నన్ను తిట్టింది."

సార్ మెట్టు మీద కూలబడ్డారు. నేను దగ్గరికి వెళ్లబోయాను. ఆయన భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారనుకున్నాను, నవ్వుతున్నారు. రెండూ కలిసే ఉన్నాయేమో. వైర్‌లెస్ ఆయన పక్కన కూర్చుని ఆ రంగు ముఖాన్ని ఆయన భుజానికి ఆనించారు. కోటంతా రంగయింది.

ఇక ఇద్దరూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కాసేపటికి నాకొక సంగతి తెలిసింది. సార్ మాట నాకు అర్థం కావడం లేదు. ఆ గంజీ ఇస్త్రీ ఎటో పోయాయి. అక్షరాలు గుండ్రంగా, బరువుగా, ఒకదాని మీద ఒకటి పడుతూ దొర్లుతున్నాయి. నాకు పెదవి కొరకడం నేర్పిన మనిషి, సగం అక్షరాలు మింగేసి, మిగతా సగాన్ని సాగదీసి హాయిగా మాట్లాడుతున్నారు. అది వాళ్ల అమ్మ మాట. మిల్లు ఊరి మాట.

మర్నాడు ఆదివారం వైర్‌లెస్ ఆయన మా ఇంటికి భోజనానికి వచ్చారు. గోంగూర తిని కళ్లనీళ్లు పెట్టుకున్నారు, కారానికి. నాటకం ఆడినన్నాళ్లూ ప్రతి ఆదివారం వచ్చారు. ఇంగ్లండు వెళ్లాక కూడా పండగలకి సార్‌కి ఫోన్ మోగేది. కింది వాటాలోంచి ఆ దొర్లే మాట మెట్లమీదికి వినిపించేది. సార్ క్లాసులు చెప్పడం మానలేదు. కానీ బయట కూడా, కిరాణా కొట్టులో, పోస్టుమాన్‌తో, ఆ మిల్లు మాటే మాట్లాడేవారు. వాళ్లు ఏంటి అని మళ్లీ అడిగితే మళ్లీ చెప్పేవారు, ఏ తొందరా లేకుండా.

మా తెలుగు సంఘం అప్పట్లో ఒక చర్చి కింద బేస్‌మెంట్‌లో కూడుకునేది. పదిళ్ల వాళ్లం ఉంటామేమో. ఆ డిసెంబరు క్రిస్మస్ ఆరాధనకి, ఇక్కడ పుట్టిన పిల్లల కోసం ఒక వాక్యభాగం ఇంగ్లిషులో చదవాలని పాస్టర్‌గారు అనుకున్నారు. "దొరగారి చేత చదివిద్దామమ్మా, ప్రొనన్సియేషన్ బాగుంటుంది" అన్నారు. నాకు లోపల నవ్వొచ్చింది. చెప్పలేదు.

సార్ టై కట్టుకుని వచ్చి నిలబడ్డారు. పొలాల్లో మందలు కాసుకుంటున్న గొర్రెల కాపరులకి దూత కనిపించిన భాగం. గొంతు సవరించుకుని, వాళ్ల అమ్మ ఎలా చదివేదో అలా చదివారు. పాస్టర్‌గారు మొదట కంగారుగా నా వైపు చూశారు. పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. రెండు వాక్యాలు దాటేసరికి ఎవరూ కదల్లేదు. ఆ కాపరులు నిజంగా చలిలో కూర్చున్న కూలివాళ్లలా, భయపడ్డవాళ్లలా వినిపించారు. ఎక్కడా తడుముకోలేదు ఆయన. చదివి, కళ్లజోడు తీసి, కర్చీఫ్‌తో తుడుచుకున్నారు. అంత తేలికపడిన ముఖం ఆయనకి నేనెప్పుడూ చూడలేదు.

ఆరాధన అయ్యాక భోజనాలు పెట్టారు. పాస్టర్‌గారి తల్లి, ఒంగోలు నుంచి కొత్తగా వచ్చినావిడ, ఇంగ్లిషు ఒక్క ముక్క రాదు. ఆవిడ తిన్నగా వెళ్లి సార్ పక్క కుర్చీలో కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది. "చాలా బాగా చదివావు నాయనా. ఒక్కటీ అర్థం కాలేదు గానీ, మా నాయన చదివినట్టే ఉంది" అని మొదలుపెట్టి, వాళ్ల నాన్న సంగతి, చీరాల నేతమగ్గాల సంగతి చెప్పుకుంటూ పోయింది. ఆయన తల ఊపుతూ తన మిల్లు మాటలో ఏదో జవాబు చెబుతున్నారు. ఆవిడ "అవునవును" అంటోంది. పులిహోర ప్లేట్లు ముట్టకుండానే ఉన్నాయి.

నేను దగ్గరికి వెళ్లి వంగి, "ఆవిడేమంటోందో చెప్పనా సార్?" అన్నాను.

ఆయన చెయ్యి ఆవిడ చేతిలోనే ఉంది. తల తిప్పకుండానే అన్నారు:

"వద్దు సిస్టర్. మాకు బాగానే సాగుతోంది."